కావలె నీరు

ఆగమ్మ మంచంలో ఉన్న భర్త తల కింద చెయ్యి పెట్టి కొద్దిగా పైకెత్తింది. ఇంకో చేత్తో ఇత్తడి చెంబును పెదవులకు ఆనించింది. అతను ఒక గుక్క తాగాడు. రెండో గుక్క నోటి కుడి మూల నుంచి జారి, తెల్లగడ్డంలో ఇంకి, మెడ మీదికి కారింది. ఆమె కొంగుతో తుడిచింది.

“ఇంకింత తాగు. నువ్వే గద అడిగినవు.”

అతను తాగలేదు. ఎడమచేత్తో చెంబును పక్కకు నెట్టాడు. కోపంగా కాదు, దారికి అడ్డం వచ్చిన దూడను తప్పించినట్టు నెట్టాడు. ఆమె ముఖంలోకి చూసి మళ్లీ అదే మాట అన్నాడు. సగం నోరే కదులుతుంది కాబట్టి మాట ముద్దముద్దగా వచ్చింది.

“కావలె... నీరు.”

“ఇవి సైదాబాద్ బాయి నీళ్లయ్యా. నీకిష్టమని పొద్దుగాల్నే పోయి తెచ్చిన. ఇవి గూడ పనికిరావా?”

అతను గోడవైపు తల తిప్పుకున్నాడు. గోడ అవతల ఆమె తమ్ముడు బీరయ్య బర్రెలు నెమరువేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆగమ్మ చెంబు కింద పెట్టింది. కుండనీళ్లు ఇచ్చి చూసింది. గోరువెచ్చని నీళ్లు ఇచ్చింది. చక్కెర కలిపి ఇచ్చింది, జీలకర్ర వేసి కాచి ఇచ్చింది. ఈరోజు బిందె చంకనెత్తుకుని చలిలో సైదాబాద్ దాకా నడిచింది. ఒకప్పుడు అక్కడి బంగళాలో పని చేస్తున్నప్పుడు ఆ బావినీళ్లు తియ్యగా ఉంటాయని అతను చెప్పేవాడు. ఏ నీళ్లు ఇచ్చినా ఒక్క గుక్కే.

అతని అసలు పేరు జొవాన్ని. ఇటలీ దేశం నుంచి నవాబుల దేవిడీ భవంతుల్లో రంగురాళ్ల నేలలు పరవడానికి వచ్చినవాడు. ఉప్పుగూడలో అందరికీ జోవన్న. దసరా వెళ్లాక ఒకరోజు పనిలో ఉండగానే కుప్పకూలాడు. కూలీలు మంచం మీద మోసుకొచ్చారు. కుడిచెయ్యి, కుడికాలు, సగం నోరు పడిపోయాయి. కొన్నాళ్లకు మాట తిరిగొచ్చింది గాని అది ఆగమ్మకు తెలిసిన మాట కాదు. ఇన్నేళ్లూ ఆమెతో మాట్లాడిన తెలుగు, కూలీలతో మాట్లాడిన ఉర్దూ రెండూ ఎటో పోయాయి. అతని దేశపు భాష ఒక్కటే మిగిలింది. సుత్తి వేలి మీద పడ్డప్పుడు తప్ప ఆమె ఆ భాష ఎప్పుడూ వినలేదు.

ఆ భాషలోనే అతను పైకప్పుతో మాట్లాడేవాడు, దుప్పటి అంచుతో మాట్లాడేవాడు. ఆమె ఎదురుగా నిలబడి “నేనెవల్ని, చెప్పు” అంటే మర్యాదగా చూసేవాడు, పొరుగూరి మనిషిని చూసినట్టు. అలాంటిది ఒక పొద్దున, ఆమె పళ్లెం కడుగుతుంటే, వెనక నుంచి “కావలె నీరు” అన్నాడు. ఆమె పళ్లెం అక్కడే వదిలి గల్లీలోకి పరుగెత్తింది. మా ఆయనకు తెలుగు వచ్చింది అని నలుగురికీ చెప్పి, అప్పుడు గుర్తొచ్చి నీళ్ల కోసం ఇంట్లోకి పరుగెత్తింది.

ఒక్క మాట దారి కనుక్కుందంటే దాని వెనక ఇంకోటి రాదా? ఆ రెండో మాట ఏదో ఆమెకు తెలుసు. “ఆగమా.” ఆమె పేరు చివర సరిగ్గా పలకడం అతనికి ఎన్నడూ రాలేదు. కొత్తలో గల్లీ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. మీ ఆయన నిన్ను పిలుస్తుండా, ఆగమైతున్న అని మొత్తుకుంటుండా అని. ఇప్పుడు ఆ పిలుపు కోసం ఆమె పొయ్యి దగ్గర పని కూడా చప్పుడు చెయ్యకుండా చేసుకుంటోంది.

బీరయ్య భార్య రుక్మాబాయి గోడకున్న సందులోంచి పాలచెంబు అందిస్తూ తొంగిచూసింది.

“ఏమన్న తాగిండా వదినా?”

“ఒక గుక్క.”

“నాకొక్కటి సమజ్ గాదు. ఉప్పుగూడల నీరు అనెటోళ్లెవరు? నీళ్లంటం. ఆయన గూడ నీళ్లు తే అనేటోడు గదా.”

“ఆయన భాగోతాలు మస్తు చూసిండు. అండ్ల రాజు దప్పికైతే ఏమంటడు? నీళ్లు తే అంటడా? నీరు కావలె అంటడు.”

“మంచంల వడ్డంక రాజైనట్టుండు మా అన్న,” అని రుక్మాబాయి నవ్వి వెళ్లిపోయింది. ఆగమ్మ నవ్వలేదు. ఆ అనుమానం ఆమెకూ వచ్చింది. వచ్చినరోజే దానికి భాగోతం జవాబు కూడా తయారు చేసి పెట్టుకుంది.

*

మర్నాడు పొద్దున ఇన్నాసప్ప పాలకోసం వచ్చాడు. ఉప్పుగూడ స్టేషన్ బయట అతనికి చాయ్ దుకాణం ఉంది. అంతకుముందు పాద్రీల బంగళాలో వంటమనిషి. పాద్రీలు ఇటలీవాళ్లు కావడంతో యుద్ధం మొదలయ్యాక సర్కారువాళ్లు వాళ్లను లారీ ఎక్కించి ఎక్కడికో తీసుకుపోయారు. జోవన్నను మాత్రం ముసలివాడని, ఒక నవాబు హామీ ఉందని వదిలేశారు. బంగళా కుసినికి, అంటే వంటింటికి, తాళం పడ్డాక ఇన్నాసప్ప స్టేషన్ దగ్గర బొగ్గులపొయ్యి పెట్టుకున్నాడు.

బీరయ్య ఇంకా పాలు పిండుతూనే ఉన్నాడు. ఇన్నాసప్ప క్యాను పట్టుకుని దొడ్లో నిలబడి చేతులు రుద్దుకుంటున్నాడు. గోడ అవతల నుంచి మాట వినిపించింది. అతను రుద్దుకోవడం ఆపాడు. మాట మళ్లీ వినిపించింది. క్యాను కింద పెట్టి, చుట్టూ తిరిగి ఆగమ్మ గడప దగ్గరికి వచ్చాడు.

“అక్కా, ఎప్పటి సంది అడుగుతుండు గిట్ల?”

“ఏమని?”

“గోబీ కోసం.”

ఆగమ్మ చేతిలో చెంబు ఉంది. “గోబీ ఏంది అన్నా? నీళ్లడుగుతుండు. ఇనబడుతలేదా?”

“నీళ్లు గాదక్కా. కావోలో అంటే వాళ్ల భాషల గోబీ. నేరో అంటే నలుపు. నల్లగోబీ అని ఒకటుంటది వాళ్ల దిక్కు. గడ్డ కట్టదు, ఒట్టి ఆకే. పాద్రీలు గింజలు తెప్పిచ్చి ఒక చలికాలం పెంచిండ్రు, పురుగు తిన్నది. చలి వెట్టినప్పుడల్లా పెద్దపాద్రీ కిటికీ కాడ నిలవడి గిదే మాట అనేటోడు. కావోలో నేరో, కావోలో నేరో.”

“నీకు పాద్రీలు యాదికొచ్చిండ్రు. అందుకే గట్ల ఇనబడ్డది.”

ఇన్నాసప్ప చెప్పులు విప్పి లోపలికి వచ్చి, మంచం పక్కన వంగి, మెల్లగా ఏదో అన్నాడు. రెండు మాటలు. ఆగమ్మకు ఒక్కటీ అర్థం కాలేదు.

జోవన్న తల తిప్పాడు. ఎడమచెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చి ఇన్నాసప్ప మణికట్టును పట్టుకుంది. ఇన్ని రోజులుగా చెంబును పక్కకు నెట్టడానికి తప్ప ఆ చెయ్యి దేనికీ అంత గట్టిగా లేవలేదు. మాటలు వరసగా బయటికి వచ్చాయి, లాలాజలంతో కలిసి, ఊపిరి అందకుండా. ఇన్నాసప్ప తలాడిస్తూ విన్నాడు. మధ్యలో ఒక మాట తిరిగి అన్నాడు. జోవన్న కళ్లు మూసుకుని అవునన్నట్టు తలాడించాడు.

ఆగమ్మ ఆ మణికట్టునే చూస్తూ నిలబడింది.

“ఏమంటుండు?” అంది చివరికి.

“నాకు అంత రాదక్కా. వంటింటి మాటలే తెలుసు. గోబీ అంటుండు. పేగుల నింపిన మాంసం అంటుండు. గింజలు, రొట్టె. వాళ్లమ్మ అంటుండు. గది వాళ్లమ్మ వండే కూర గావచ్చు.”

“నా మాటేమన్న అన్నడా?”

ఇన్నాసప్ప మణికట్టు విడిపించుకోలేక అలాగే వంగి ఉన్నాడు. “నాకు తెలిసిన మాటలల్ల లేదక్కా,” అన్నాడు.

“పాలు పోయించుకున్నవా?”

“ఇంకా లేదు.”

“పో మరి. చాయ్‌కి టైమైతుంది.”

*

ఆరోజంతా ఆమె అతనితో మాట్లాడలేదు. మంచం గుడ్డ మార్చింది. హకీం ఇచ్చిన జైతూన్ నూనె, దొరలు ఆలివ్ అనేది, గిన్నెలో పోసి, పడిపోయిన చేతికి భుజం నుంచి వేళ్లదాకా రుద్దింది. అతను మంచి చేతి వేలిని గిన్నెలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. రోజూ చేసే పనే. రోజూ లాగే ఆమె వేలు లాగేసి తుడిచింది. కానీ ఈరోజు తుడుస్తూ అతని నోరు చూసింది. నాలుక పెదవి మీద ఎంత మెల్లగా తిరిగిందో చూసింది.

మధ్యాహ్నం జొన్నగట్క మజ్జిగలో కలిపి తెచ్చింది. అతను నోరు తెరవలేదు. దవడ ఎముకలు బయటపడ్డాయి. కంఠం కింద గుంటలో నీళ్లు నిలిచేటట్టున్నాయి.

“తినకుంటే పోతవు,” అంది. అది మాట్లాడటం కింద లెక్క కాదనుకుంది.

సాయంత్రం బీరయ్య మీరాలం మండీ నుంచి ఎడ్లబండి మీద గోబీ ఆకు తెచ్చి దొడ్లో పోశాడు. మండీలో గోబీపూలు అమ్మేవాళ్లు చుట్టూ ఉన్న ఆకు కొట్టి పారేస్తారు. చలికాలమంతా ఉప్పుగూడ బర్రెలకు అదే మేత. ఆగమ్మ రోజూ వచ్చి చేటతో ఎత్తి గాట్లో వేస్తుంది. ఈరోజు కూడా వేసింది. నాలుగో చేట ఎత్తి ఆగింది. అన్నిటికంటే కింద ఒక ఆకు ఉంది. ముసలి ఆకు, నలుపు తిరిగిన పచ్చ, మందంగా, నరాలు తేలి ఉంది. దాన్ని తీసి విరిచింది. టపుక్కున విరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఏంది అక్కా, బర్రె తినేది నువ్వు తింటవా?” అన్నాడు బీరయ్య.

“ఇన్నాసప్ప నీకు గూడ చెప్పిండా?”

“చెప్పిండు.” బీరయ్య ఎడ్ల పట్టెడలు విప్పుతూ చెప్పాడు. “వండి చూడరాదు? గోబీ అయితే తింటడు. నీళ్లయితే తినడు. లొల్లి ఖతం.”

“గంత అల్కగనా?”

“ఇండ్ల బరువేమున్నది?”

వండితే తేలిపోతుంది. అతను తింటే, ఇన్నాళ్లూ ఆమెను ఒక్క మాట కూడా అడగలేదని అర్థం. పళ్లెం వదిలేసి పరుగెత్తిన ఆ పొద్దున అబద్ధం. సైదాబాద్ బావి అబద్ధం. అతను చూసి మాట్లాడింది ఆమెతో కాదు, తను ఎన్నడూ చూడని, చచ్చిపోయిన అత్తతో, ఎక్కడి పొయ్యి ముందో నిలబడి. వండకపోతే ఆ రెండు మాటలు ఆమెకు ఉంటాయి. రెండే అయినా తెలుగు మాటలు.

ఆకును గాట్లో వేసింది. బర్రె నాలుక చాచి చుట్టి లాక్కుంది.

తెల్లవారి గట్క మళ్లీ అలాగే వెనక్కి వచ్చింది. పాలు కూడా తాగలేదు. ఆమె పళ్లెం దించి, అతని చొక్కా గుండీ పెట్టబోయింది. గుండీ పెట్టాక కూడా చొక్కాకు ఒంటికి మధ్య ఆమె చెయ్యి పూర్తిగా పట్టింది. ఆమె చెయ్యి తీసి, కొంగు తలమీదుగా కప్పుకుని స్టేషన్ వైపు నడిచింది.

*

ఇన్నాసప్ప చాయ్ వడగడుతున్నాడు. ఆమెను చూసి బెంచీ తుడిచాడు. ఆమె కూచోలేదు.

“అది ఎట్ల వండుతరో చెప్పు.”

“మా కుసినిల పందిమాంసంతోటి చేస్తుంటిమి. మీ ఇంట్ల వద్దు గని, మేకదైనా నడుస్తది. కీమాల కొవ్వు ఎక్కువుండాలె. ఎల్లిపాయ, మిరియాలు, సోంపు. సోంపు మర్వకు. పేగుల నింపి, ముడులేసి, పొగ తాకేటట్టు పొయ్యిమీద కట్టాలె. ఒక్కరోజన్న ఆగాలె.”

“ఆగే టైము లేదు.”

“అయితే పచ్చివే వేయించు. అనపగింజలు తెచ్చుకో, ఇప్పుడు మస్తొస్తున్నయి. నూనె మాత్రం జైతూన్‌ది వాళ్ల దిక్కు.”

“ఒంటికి రుద్దేదా?”

“వాళ్లు తినేది గదే అక్కా. మనమే రుద్దుకుంటం.”

అతను దుకాణం కింద ఉన్న డబ్బాలోంచి ఎండిపోయిన డబుల్‌రొట్టె తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. “ఇది అడుగున వేసి పైన పులుసు పొయ్యి. మెత్తటిది ఏస్తే బాగుండదు. రాయి లెక్క ఉండాలె.”

ఆమె కాగితం అందుకుని, పోబోయి ఆగింది. “అన్నా, నిన్న నిన్ను తరిమినట్టు చేసిన.”

“చాయ్‌కి నిజంగనే టైమైంది,” అన్నాడు ఇన్నాసప్ప.

కసాయి దుకాణంలో మేకపేగు అడిగితే మౌలానా అనే ముసలి కసాయి గొలుసులా చుట్టి ఆకులో పెట్టాడు. ఆమె ఇంటికి వచ్చి దొడ్లో తొట్టి పక్కన కూచుంది. గొల్ల ఇంట్లో పుట్టినదానికి బోటి కడగడం కొత్త కాదు. పేగు కొసను సన్న చీపురుపుల్లకు తగిలించి, లోపలిది బయటికి తిరగేసింది. పసుపూ గల్లుప్పూ వేసి రాయిమీద రుద్దింది, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగింది. ఒక కొస నోటితో ఊదితే పేగు పొడుగూతా ఉబ్బి నిలబడింది. ఎక్కడా చిల్లు లేదు.

కానీ పేగులో కీమా నింపడం ఆమె ఎన్నడూ చెయ్యలేదు. వేలుతో దూరిస్తే కొస చినిగింది. రుక్మాబాయి గోడ సందులోంచి అంతా చూస్తోంది. నెయ్యి పోసే గరాటు తెచ్చి సందులోంచి అందించింది.

“గిది పట్టు. ఏం వంటనో ఏమో. మా అత్త చూస్తే మళ్ల పానం ఇడిసేది.”

“నీ సొల్లు ఆపి ఇటొచ్చి కొస పట్టుకో.”

ఇద్దరూ తొట్టి పక్కన మోకాళ్లమీద కూచున్నారు. ఒకరు గరాటు మూతిని పేగులో పెట్టి పట్టుకుంటే ఇంకొకరు రోకలి సన్నకొసతో కీమాను నెట్టారు. మొదటిది పగిలింది. రెండోది వంకరగా, ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వచ్చింది. ఆగమ్మ వేలెడు దూరానికో దారం కట్టింది. చేతులనిండా కొవ్వు, సోంపు వాసన.

“వదినా,” అంది రుక్మాబాయి దారం తెంపుతూ, “అన్న గిది తింటే నువ్వు సంబురపడ్తవా, ఏడుస్తవా?”

“కొస గట్టిగ పట్టు.”

ఆకులు ఆగమ్మ తనే ఏరింది. బర్రెల కుప్ప ముందు కూచుని, లోపలి లేత ఆకులు వదిలేసి, ముదురు ఆకులు, నలుపు తిరిగినవి ఒక్కొక్కటే తీసింది. తొడిమ పట్టి, ఇంకో చేత్తో ఒక్క ఊపున దూస్తే ఆకు ఊడివచ్చి నరం చేతిలో మిగిలింది. నరాలు బర్రెకు వేసి ఆకు తను ఉంచుకుంది.

పిడకల మంట మీద మట్టికుండ పెట్టి, హకీం సీసా వంచింది. ఒంటికి రుద్దినప్పుడు ఆ నూనెకు రోగపు వాసన. వేడెక్కేసరికి వాసన మారింది. ఎండలో చిదిమిన పచ్చికాయలా, కొంచెం చేదుగా, కొంచెం మిరియంలా. ఆమె పొయ్యి ఊదడం ఆపి దాన్ని పీల్చింది. పేగులు వేస్తే చిటపటలాడి, ముడుచుకుని, ఎర్రబడ్డాయి. వాటిని తీసి, అదే నూనెలో ఎల్లిపాయ, ఉల్లిగడ్డ, రెండు టమాటాలు వేసింది. చెయ్యి అలవాటుగా కారండబ్బా మీదికీ ధనియాల మీదికీ పోయింది. రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. అనపగింజలు వేసి నీళ్లు పోసింది. ఉడికాక ఆకు వేసింది. కుండనిండా ఉన్న ఆకు చూస్తుండగానే అణిగి, పచ్చదనం పోయి నల్లబడింది.

ఉప్పు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. పక్షవాతం మనిషికి ఉప్పు తగ్గించమని హకీం చెప్పాడు. ఒక్క పలుకు వేసి గురిగికి మూతపెట్టింది.

గరిటతో కొంచెం చేతిలో పోసుకుని చప్పరించింది. ఆమెకు అది ఏమీ కానట్టనిపించింది. కారం లేదు, పులుపు లేదు. దీనికోసమా ఈ మనిషి కృశించిపోయింది, అనుకుంది.

*

కుండ మూత తీసినప్పటి నుంచే జోవన్న మంచం మీద కదులుతున్నాడు. ఆమె గిన్నె పట్టుకుని వచ్చేసరికి మంచి మోచేతిమీద లేవడానికి చూస్తున్నాడు. బీరయ్య వచ్చి వీపు వెనక బొంత మడిచి పెట్టి, గడపమీద కూచున్నాడు. రుక్మాబాయి సందులోంచి చూస్తోంది.

ఆగమ్మ ఎండురొట్టె మీద పులుసు పోసి నాననిచ్చింది. ఒక ఆకు, రెండు గింజలు, పేగు ముక్క చిదిపి చెంచాలోకి తీసి ఊదింది. నోటి దగ్గర పెట్టింది.

నోరు తెరుచుకుంది.

అతను మెల్లగా నమిలాడు, ఎడమవైపు మాత్రమే. మింగాడు. కళ్లు మూసుకుపోయాయి, మూసుకున్న రెప్పల కిందనుంచి నీళ్లు వచ్చాయి. మంచి కంటినుంచీ పడిపోయిన కంటినుంచీ ఒక్కలాగే. ఇంకో చెంచా. ఇంకొకటి. మధ్యలో మాట్లాడటం మొదలుపెట్టాడు. కష్టపడి మాట్లాడటం కాదు, ఇంట్లో కూచుని మాట్లాడినట్టు. ఒకచోట ఎవరినో కోప్పడ్డాడు, ఒకచోట ఏదో అడిగి జవాబు కోసం ఆగాడు. “మమ్మా” అన్న మాట రెండుసార్లు వచ్చింది. అది అర్థం కావడానికి ఇన్నాసప్ప అక్కర్లేదు.

ఆగమ్మ చెంచా నింపుతూనే ఉంది. అతను తింటున్నాడు, అంతే చాలు అనుకోవాలని చూసింది. అతను ఆమెవైపే చూస్తున్నాడు. కానీ ఆమె పక్కకు జరిగి గోడకు ఆనుకున్నా ఆ చూపు అక్కడే ఉంటుందనిపించింది. నీళ్లు అడగలేదు. ఒక్కనాడూ అడగలేదు. పులుసు గడ్డంలో పడకుండా ఆమె చెంచా కింద అరచెయ్యి పట్టింది.

గిన్నె సగం అయింది. అతను నోరు మూసి, తల ఆడించి, ఒక మాట అన్నాడు.

“సాలె.”

బీరయ్య గడపమీద నుంచి లేచాడు. “ఇన్నవా అక్కా? సాలు అన్నడు. గిది మాత్రం మనదే. పక్కా తెలుగు.”

“సాలు అన్నడు వదినా, నేను గూడ ఇన్న,” అంది సందులోంచి రుక్మాబాయి. ఆమె గొంతులో నిజమైన సంతోషం ఉంది. “కడుపునిండింది మా అన్నకు.”

ఆగమ్మ గిన్నె ఒళ్లో పెట్టుకుంది. ఆ మాట ఆమె కూడా విన్నది. భాగోతం మాట కూడా కాదు, ఉప్పుగూడ మాటే. రోజూ పళ్లెంమీద చెయ్యి అడ్డంపెట్టి అతను అనే మాటే. సాలు, ఇంక సాలు. దాన్ని తీసుకుని దాచుకుంటే ఎవరూ కాదనరు. తమ్ముడు, మరదలు ఇద్దరూ సాక్ష్యం. ఆమె ఒక చేత్తో చెంబు అందుకుంది, మూతి కడగడానికి.

అతని ఎడమచెయ్యి వచ్చి గిన్నె అంచు పట్టుకుంది.

ఆమె ఆగింది. అతని నోరు చూసింది. నోరు మళ్లీ తెరుచుకునే ఉంది. చెంచా నింపి పెట్టింది. తిన్నాడు. తల అడ్డంగా ఆడించాడు. “సాలె,” అన్నాడు. చెయ్యి మాత్రం గిన్నె వదల్లేదు.

“సాలంటుండు గదా, తియ్యి అక్కా,” అన్నాడు బీరయ్య.

“నువ్వు జర ఊకో.”

ఆమె చెంబు కింద పెట్టింది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి అక్కడున్నవన్నీ చూసింది. నూనె సీసా తెచ్చి చూపించింది. అతను కాదన్నాడు. రొట్టె ముక్క చూపించింది. కాదన్నాడు. ఎల్లిపాయ. కాదు. ఆమె మళ్లీ వెళ్లింది. ఈసారి ఉప్పుగురిగి తెచ్చి, మూత తీసి అతని ముందు పెట్టింది.

అతని అరచెయ్యి మంచంపట్టె మీద దబ్‌మని పడింది. “సాలె,” అన్నాడు. ఇంత మొద్దుదానితో ఎట్లా వేగాలి అన్నట్టు అన్నాడు.

ఆమె మూడు పలుకులు వేళ్లతో నలిపి గిన్నెలో చల్లింది. హకీం గుర్తొచ్చాడు. చల్లిన తర్వాత గుర్తొచ్చాడు. కలిపి పెట్టింది. అతను నమిలి, మింగి, తలను బొంతకు ఆనించి, ఈసారి ఆమెనే చూశాడు. తల్లినో, గోడనో కాదు. వంటలో ఉప్పు మరిచిపోయి తర్వాత వేసిన మనిషిని చూశాడు.

“సాలె,” అంది ఆగమ్మ.

అతను తలాడించలేదు. ఎడమపెదవి పక్కకు లాగి, నాలుకను పళ్ల దాకా తెచ్చి, ఆమె కోసం మెల్లగా పలికాడు. “సా-లే.”

“సా-లే.”

“గదేంది అక్కా?” అన్నాడు బీరయ్య. “నువ్వు గూడ సాలు అనవడితివి. మళ్ల పెట్టవడితివి.”

“సాలు గాదురా. ఉప్పు.”

బీరయ్య సందులో ఉన్న భార్యవైపు చూశాడు. దొడ్లో బర్రె అరిస్తే ఇద్దరూ అటు వెళ్లిపోయారు.

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె పెట్టింది. ఖాళీ అయ్యాక అడుగున ఒక అనపగింజ మిగిలింది. దాన్ని చెంచాతో తియ్యబోయి, వేళ్లతో తీసి, తుడిచి, అతని కళ్లముందు పట్టుకుంది.

“ఇదేంది?”

అతను గింజను చూశాడు. ఆమెను చూశాడు. తింటావా అని అడగడం లేదని అర్థం కావడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

“ఫజోలో.”

ఆగమ్మ ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పి చూసింది. తెలుగులో అది దేనికీ దగ్గరగా లేదు. ఏ మాటలా వినిపించలేదు. ఆమె ముక్కాలిపీట మంచానికి ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

“మళ్ల జెప్పు,” అంది.